ముందు పరీక్ష, తర్వాత సూది: కడుపు బాధలకు ఆక్యుపంక్చర్ ఎంతవరకు?



మన సొసైటీ ఉచిత వైద్య శిబిరం పెట్టినప్పుడల్లా వచ్చినవారి పేరు, వయసు, బాధ ఏమిటో రాసుకునే పని మా ఉపాధ్యాయుల మీద పడుతుంది. రాజయ్యపేటలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆ పుస్తకంలో నేను ఎక్కువసార్లు రాసిన మాట ఒకటుంది. అది "గ్యాసు". తెల్లవారుజామున వేటకెళ్ళి ఎప్పటికో అన్నం తినేవారిదీ గ్యాసే, రెండు మూడు రోజులకోసారి విరేచనమయ్యే పెద్దమ్మదీ గ్యాసే, గుండెల్లో మంట ఉన్న ఆటో డ్రైవరుదీ గ్యాసే. ఛాతీలో బరువుగా ఉండి చెమటలు పట్టినా మనవాళ్ళు గ్యాసే అంటారు. ఇన్ని వేరువేరు బాధలకు మన దగ్గర ఉన్నది ఒకే పేరు.

ఈ మధ్య ఆ వరుసలో నిలబడినవారు ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు. "మాస్టారూ, సూదుల వైద్యం మంచిదేనా? బిళ్ళలేవీ అక్కర్లేకుండా కడుపు బాగవుతుందంటున్నారు, నిజమేనా?" ఫోన్‌లో వీడియో చూసి అడిగేవారు కొందరు, బంధువులు చెబితే అడిగేవారు కొందరు. అవును అన్నా, కాదు అన్నా ఈ ప్రశ్నకు పూర్తి జవాబు రాదు. నేను వైద్యుణ్ణి కాను. పిల్లలకు పాఠం చెప్పే ముందు ఎలా చదువుకుంటానో ఈ విషయాన్నీ అలాగే చదువుకున్నాను. చదువుకోక తప్పని కారణం ఒకటి మా ఇంట్లోనే ఉంది. అది తర్వాత చెబుతాను.

ఒక విలేఖరి కడుపు కథ

ఆక్యుపంక్చర్ ప్రపంచమంతటికీ తెలియడానికి కారణం ఒక కడుపునొప్పి. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు చెందిన జేమ్స్ రెస్టన్ అనే పేరున్న విలేఖరి చైనా వెళ్ళాడు. బీజింగ్‌లో ఆయనకు అపెండిసైటిస్ వచ్చింది. మన పెద్దవాళ్ళు ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి అనే జబ్బే అది. అక్కడి వైద్యులు ఆయనకు ఆపరేషన్ చేశారు. రెండో రోజు రాత్రి ఆయనకు పొట్ట ఉబ్బి చాలా ఇబ్బందైంది. ఆయన ఒప్పుకున్నాక ఆసుపత్రిలోని ఆక్యుపంక్చర్ వైద్యుడు కుడి మోచేతి దగ్గర, మోకాళ్ళ కింద సన్నటి సూదులు గుచ్చాడు. మన మాచిపత్రి జాతికి చెందిన ఒక ఆకును చుట్టి, వెలిగించి, ఆ వేడిని పొట్టకు దగ్గరగా పట్టాడు. గంటలోపే ఉబ్బరం తగ్గిందనీ, మళ్ళీ రాలేదనీ రెస్టన్ తన పత్రికలో రాశాడు. ఆ వ్యాసం 1971 జూలై 26న అచ్చయింది. అమెరికాలో సూదుల వైద్యం మీద ఆసక్తి పెరగడానికి అదొక పెద్ద కారణం.

ఈ కథ నోటి మాటగా ప్రయాణిస్తూ మారిపోయింది. "సూదులతోనే మత్తిచ్చి ఆపరేషన్ చేశారట" అని కొందరు, "సూదులతోనే అపెండిసైటిస్ నయం చేశారట" అని మరికొందరు చెబుతుంటారు. రెండూ నిజం కావు. మత్తు మామూలు ఇంజెక్షన్‌తోనే ఇచ్చారు. పాడైన అపెండిక్స్‌ను కత్తితోనే తీసేశారు. తర్వాత మిగిలిన ఉబ్బరానికి మాత్రమే సూది వాడారు. ఆక్యుపంక్చర్ పుట్టిన దేశంలోనే, దాని మీద గౌరవమున్న వైద్యులే ఈ వరుస పాటించారు. ముందు జబ్బేమిటో తేల్చుకున్నారు, దానికి తగిన చికిత్స చేశారు, ఆ తర్వాతే సూది తీశారు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ వరుసలోనే ఉంది.

మన దేశానికి ఎలా వచ్చింది?

జపాన్ దాడిలో ఉన్న చైనాకు సాయంగా 1938లో భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యుల బృందాన్ని పంపింది. వారిలో షోలాపూర్‌కు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ అక్కడే సేవ చేస్తూ 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన జీవితం మీద ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ పుస్తకం రాశారు. దాని ఆధారంగా శాంతారాం 1946లో సినిమా తీశారు. అదే బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు తిరిగి వచ్చి, 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. 1959లో కలకత్తాలో ఆ చికిత్స మొదలుపెట్టారు. మన దేశంలో ఈ విద్యకు ఆయననే ఆద్యుడిగా చెబుతారు. బసు ఎం.బి.బి.ఎస్. చదివిన వైద్యుడు. ఒక వైద్యం తెలిసినవాడే ఇంకో వైద్యం నేర్చుకున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చైనా వైద్యం కడుపును ఎలా చూస్తుంది?

చైనా సంప్రదాయ వైద్యంలో సూది ఒక భాగం మాత్రమే. మూలికలు, ఆకుల వేడి, కప్పులు పెట్టడం, మర్దన, పథ్యం కూడా అందులో ఉన్నాయి. శరీరంలో "చీ" అనే జీవశక్తి ప్రవహిస్తుందనీ, దానికి పన్నెండు ప్రధాన మార్గాలున్నాయనీ, అది అడ్డుపడితే జబ్బు వస్తుందనీ ఆ వైద్యుల సిద్ధాంతం. వైద్యుడు నాలుక రంగు, దాని మీది పూత చూస్తాడు, రెండు చేతుల నాడి పడతాడు. "కడుపులో చలువ చేసింది", "వేడి చేసింది", "తేమ నిలిచింది" అని చెబుతాడు.

మనకిది కొత్తగా అనిపించదు. "వేడి చేసింది" అనే మాట మన ఇళ్ళలో రోజూ వింటాం. ఆయుర్వేదం జఠరాగ్ని అంటుంది. మన యునానీ హకీములు ఖూన్, బల్గం, సఫ్రా, సౌదా అనే నాలుగు ద్రవాల సమతుల్యం గురించి చెబుతారు. ఇబ్నె సీనా (980-1037) తన గ్రంథంలో నాడి గురించి విపులంగా రాశాడు. చైనా వైద్యానికీ ముస్లిం వైద్యులకూ పరిచయం కూడా పాతదే. ఇరాన్‌లో మంగోల్ సుల్తానుల దగ్గర వజీరుగా పనిచేసిన వైద్యుడు రషీదుద్దీన్ ఫజ్లుల్లాహ్, పద్నాలుగో శతాబ్ది మొదట్లో చైనా వైద్య గ్రంథాలను ఫారసీలోకి తెచ్చే పని చేయించాడు. తన్సూఖ్‌నామా అనే ఆ పుస్తకంలో నాడీ పరీక్ష గురించి ఉంది. విద్య కోసం చైనాకైనా వెళ్ళాలన్న మాట మన సభల్లో తరచూ వింటాం. హదీసు పండితులు దాని ఆధారం బలహీనమని చెబుతారు. అయితే మన పూర్వికులు చైనా విద్యను నిజంగానే తెప్పించుకుని చదివారన్నది చరిత్ర.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చీ మార్గాలు కోసి చూస్తే కనిపించే నరాలో రక్తనాళాలో కావు. మ్యాపులో మనం గీసే అక్షాంశ రేఖలు నేల మీద కనిపించవు గదా, ఇవీ అంతే. ఎక్కడ గుచ్చాలో గుర్తుపెట్టుకోవడానికి ఆ గీతలు పనికొస్తాయి. కడుపులో పుండుందో రాయుందో అవి చెప్పలేవు.

తెలుసుకోదగిన రెండు చోట్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికంగా గుర్తించిన ఆక్యుపంక్చర్ బిందువులు 361. కడుపు బాధలకు ఎక్కువగా వాడేవి రెండు.

మొదటిది "నేగ్వాన్". లోపలి ద్వారం అని అర్థం. అరచేయి పైకి పెట్టి, మణికట్టు మీది గీత నుంచి మోచేతి వైపు మీ మూడు వేళ్ళ వెడల్పు కొలవండి. అక్కడ రెండు గట్టి నరాల్లాంటి స్నాయువుల మధ్య అది ఉంటుంది. వికారానికి, వాంతులకు దీన్ని వాడతారు. దీనికి సూదే అక్కర్లేదు. బస్సు ప్రయాణంలో కడుపు తిప్పినప్పుడు బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి చూడవచ్చు. దానివల్ల నష్టమేమీ లేదు.

రెండోది "జుసాన్లీ". కాలి మూడు మైళ్ళు అని దాని అర్థం. అలసినవాడు అక్కడ నొక్కుకుంటే ఇంకో మూడు మైళ్ళు నడవగలడని చైనావాళ్ళు చెప్పుకుంటారు. మోకాలి చిప్ప కింది అంచు నుంచి నాలుగు వేళ్ళు కిందికి, కాలి ముందెముక నుంచి ఒక వేలు వెడల్పు బయటి వైపుకు అది ఉంటుంది. అజీర్తికి, ఉబ్బరానికి ఇక్కడ గుచ్చుతారు.

మోకాలి కింద గుచ్చితే కడుపుకేం సంబంధం? ఈ ప్రశ్న మా పిల్లలే అడుగుతారు. చర్మం కింది నరాలు వెన్నుపాము ద్వారా మెదడుకు వార్త పంపుతాయి. మెదడు నుంచి కడుపుకు, పేగులకు వచ్చే పెద్ద నరం ఒకటుంది. దాని పేరు వేగస్. పేగుల కదలికను, ఆమ్లం ఊరడాన్ని అది ప్రభావితం చేస్తుంది. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, ఎలుకల వెనక కాలిలో జుసాన్లీకి సమానమైన చోట సూది ద్వారా సన్నటి కరెంటు పంపితే, ఒక ప్రత్యేక రకం నరాల ద్వారా వేగస్ మేల్కొని ఒంట్లో వాపు తగ్గించిందని తేలింది. పొట్ట మీద గుచ్చితే ఆ ఫలితం రాలేదు. అంటే ఎక్కడ గుచ్చామన్నదానికి కొంత అర్థం ఉంది. అయితే అది ఎలుకల సంగతి. మనుషుల్లోనూ సరిగ్గా అలాగే జరుగుతుందని దాన్నిబట్టి చెప్పలేం.

వైద్యానికి పెట్టిన పరీక్ష

పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పేరు కనబడకుండా నంబరు మాత్రమే ఉంచుతారు. దిద్దేవారి ఇష్టాయిష్టాలు మార్కుల్లో కలవకూడదని ఆ ఏర్పాటు. వైద్యానికీ అలాంటి పరీక్ష ఉంది. రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా చేస్తారు. ఒక జట్టుకు అసలు చోట సూది గుచ్చుతారు. రెండో జట్టుకు వేరే చోట పైపైన గుచ్చుతారు, అంటే అది ఉత్తుత్తి సూది. ఎవరిది ఏదో రోగికి తెలియనివ్వరు. తర్వాత రెండు జట్ల ఫలితాలనూ పోల్చి చూస్తారు. సూదుల వైద్యం ఈ పరీక్షకు చాలాసార్లు కూర్చుంది. కొన్నింటిలో పాసైంది, కొన్నింటిలో కాలేదు.

వికారం, వాంతులు: ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులకు నేగ్వాన్ మీద జరిగిన 59 పరిశోధనలను, 7,667 మంది రోగుల వివరాలను కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2015లో ఒకచోట చేర్చి చూసింది. ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే వికారం, వాంతులు తగ్గాయని తేల్చింది. ఇక్కడ మంచి మార్కులే వచ్చాయి.

మొండి మలబద్ధకం: చైనాలో 15 ఆసుపత్రుల్లో 1,075 మంది మీద చేసిన పరిశోధన 2016లో వెలువడింది. ఎనిమిది వారాల్లో 28 సార్లు సూదులకు సన్నటి కరెంటు ఇచ్చారు. వారానికి కనీసం మూడుసార్లు మందు సాయం లేకుండా పూర్తిగా విరేచనమైనవారు అసలు సూది జట్టులో నూటికి సుమారు 31 మంది, ఉత్తుత్తి సూది జట్టులో 12 మంది. చికిత్స ఆపాక మరో 12 వారాలు చూసినా ఆ తేడా నిలిచింది. తేడా నిజమే. కానీ నూటికి 69 మందికి ఆ మేలు అందలేదన్నది కూడా నిజమే.

కొంచెం తినగానే కడుపు నిండిపోయి బరువెక్కే అజీర్తి: 278 మంది మీద జరిగిన పరిశోధన 2020లో వచ్చింది. నాలుగు వారాల్లో 12 సార్లు సూదులు వేశారు. బాగా తగ్గిందన్నవారు అసలు సూదితో నూటికి 83 మంది, ఉత్తుత్తి సూదితో 52 మంది. బాధలన్నీ పూర్తిగా పోయినవారు మాత్రం 28 మంది, 17 మంది. ఉత్తుత్తి సూదితోనే సగం మంది తేలికపడ్డారన్నది గమనించండి. ఎవరో ఓపికగా కూర్చోబెట్టి, బాధ విని, చేయి పట్టుకుంటే కడుపు కొంత కుదుటపడుతుంది. దిగులు, కడుపు ఎంత దగ్గరివో పరీక్షల రోజు ఉదయం బడి మరుగుదొడ్డి ముందు నిలబడే పిల్లలను చూస్తే తెలుస్తుంది.

ఐబీఎస్: పేగుల్లో పుండు, వాపు ఏమీ లేకుండానే నొప్పి, కాసేపు విరేచనాలు, కాసేపు మలబద్ధకం ఉండే జబ్బు ఇది. 2012లో కాక్రేన్ 17 పరిశోధనలను, 1,806 మంది వివరాలను చూసింది. ఉత్తుత్తి సూదితో పోల్చిన పరిశోధనల్లో అసలు సూదికి ఎక్కువ మేలు కనిపించలేదు. ఇక్కడ పాస్ మార్కులు రాలేదు.

మొత్తమ్మీద కడుపు, పేగులు చూడ్డానికి బాగానే ఉండి, పనితీరు మాత్రం తప్పిన కొన్ని బాధల్లో సూది కొంత సాయం చేయగలదు. అది కూడా అందరికీ కాదు, ఒక్క రోజులోనూ కాదు.

సూది చేయలేని పనులు

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. మా చాచాకు అరవై దాటాక మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు అడిగి కొనుక్కుని ఖాళీ కడుపున వేసుకునేవారు. కొన్నేళ్ళకు పొట్ట పైభాగంలో నొప్పి వచ్చింది. ఎవరో చెబితే దూరంగా ఉన్న ఒక ఊళ్ళో సూదుల వైద్యానికి వెళ్ళారు. మొదటిసారి బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది నేనే. అక్కడ ఆయన నాడి చూసి, బిళ్ళలన్నీ విషమేనని ఆపేయమన్నారు. ఆమ్లం తగ్గించే బిళ్ళ కూడా ఆగిపోయింది. వారానికి రెండుసార్లు సూదులు వేసేవారు. మొదట్లో నొప్పి తగ్గినట్టే ఉంది. మూడో నెలలో విరేచనం నల్లగా, తారులా అవుతోందని చాచా చెబితే, లోపలి మలినం పోతోందని జవాబు వచ్చింది. ఒకరోజు ఫజ్ర్ నమాజుకు వజూ చేసుకుంటూ కళ్ళు తిరిగి పడిపోయారు. విశాఖపట్నం తీసుకెళ్ళాం. రక్తం ఎక్కించారు. గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, దాని నుంచి రక్తం కారుతోంది.

అల్లాహ్ దయవల్ల ఆయన బతికారు. కోలుకున్నాక నాతో ఒకే మాటన్నారు. "సూదిని తప్పు పట్టనురా అబ్బాయి. విరేచనం నల్లగా అయితే ఏమవుతుందో అక్కడ ఒక్కరికీ తెలియదు. నీకూ తెలియదు." ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కడుపులో పుండ్లకు ముఖ్య కారణాలు రెండు. ఒకటి నొప్పి బిళ్ళలు. రెండోది హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో దాన్ని గుర్తించారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు దిగులు వల్ల, కారం వల్లే పుండ్లు వస్తాయనుకునేవారు. ఆ సూక్ష్మజీవి ఉంటే యాంటీబయాటిక్‌లు, ఆమ్లం తగ్గించే మందు కలిపి సాధారణంగా రెండు వారాలు వాడితే చాలామందికి పుండు మానుతుంది. సూది ఆ సూక్ష్మజీవిని చంపదు. పిత్తాశయంలో రాయిని కరిగించదు. అపెండిక్స్ చీమును ఆపదు. క్యాన్సర్ గడ్డను తగ్గించదు. నీళ్ళ విరేచనాలతో వాడిపోతున్న బిడ్డకు సూదితో పనిలేదు, ఓఆర్ఎస్ నీళ్ళు, జింకు బిళ్ళలు కావాలి.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు వెళ్ళాల్సింది ఆసుపత్రికే:

విరేచనంలో రక్తం, లేదా తారులా నల్లటి విరేచనం. రక్తపు వాంతి. మింగడం కష్టం కావడం. కారణం లేకుండా బరువు తగ్గడం. ఒళ్ళు పాలిపోవడం. కళ్ళు పచ్చబడడం. రాత్రి నిద్రలో నుంచి లేపే నొప్పి. ఆగని వాంతులు. పొట్ట రాయిలా గట్టిపడి, అపానవాయువు కూడా పోకపోవడం. కడుపులో గడ్డ చేతికి తగలడం. యాభై దాటాక కొత్తగా మొదలైన కడుపు బాధ.

ఇంకొకటి మరీ ముఖ్యం. ఛాతీ మధ్య బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే దాన్ని గ్యాసు అనుకోకండి. సోడా తాగి పడుకోకండి. అది గుండెపోటు కావచ్చు. మధుమేహం ఉన్నవారిలో నొప్పి సరిగా తెలియకపోవచ్చు కూడా. వెంటనే 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే చోటికి వెళ్ళాలి.

మూలికలూ పరీక్షకు కూర్చోవాల్సిందే

చైనా మూలికలు సహజమైనవి, హాని చేయవు అని అనుకోవడం కూడా పొరపాటే. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల గుళికలు వాడిన వందమందికి పైగా స్త్రీలకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అరిస్టోలోకియా అనే మొక్క అందులో కలవడమే కారణమని తేలింది. అదే చైనా మూలికల నుంచి తూ యూయూ అనే శాస్త్రవేత్త మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను వేరుచేశారు. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. రెండింటికీ తేడా మొక్కల్లో కన్నా పరీక్షలోనే ఎక్కువ ఉంది. రెండోది ఏళ్ళ తరబడి పరీక్షించి తేల్చిన మందు. పేరు లేని పొట్లంలో, ఏమేం కలిపారో రాయని పొడిని ఎవరిచ్చినా తీసుకోకండి.

మన వంటింట్లోని అల్లం మాత్రం చైనా వైద్యంలోనూ, ఆయుర్వేదంలోనూ, యునానీలోనూ ఉంది. దివ్య ఖుర్ఆన్‌లో 76వ సూరాలో స్వర్గంలోని పానీయం ప్రస్తావనలో జంజబీల్, అంటే అల్లం పేరు వస్తుంది. వికారానికి అల్లం కొంత పనిచేస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి. ఇక మనం తినే తీరు సంగతి. కడుపులో మూడో వంతు అన్నానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి చాలునని దైవప్రవక్త (స) బోధించారు. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ బజ్జీలు, సమోసాలతో మూడు వంతులూ నింపేసి, తరావీలో ఆయాసపడి, "గ్యాసు పట్టేసింది" అనడం మనందరికీ అనుభవమే. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు కొద్దికొద్దిగా నీళ్ళు తాగి, పండ్లు, ఆకుకూరలు, పప్పు తింటే చాలామందికి మలబద్ధకం సూది దాకా వెళ్ళదు.

సూదికి వెళ్ళే ముందు

పరీక్షలు చేయించుకుని, ప్రమాదకరమైనదేమీ లేదని వైద్యులు చెప్పాక కూడా బాధ మిగిలితే ఆక్యుపంక్చర్ ప్రయత్నించవచ్చు. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా, 2019లో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. అంతమాత్రాన బోర్డు పెట్టిన ప్రతివారికీ ఈ విద్య వచ్చినట్టు కాదు. కాబట్టి ఈ విషయాలు చూసుకోండి.

ఎక్కడ చదివారు, ఎంతకాలం నేర్చుకున్నారు అని అడగండి. అడిగితే కోపం వచ్చేవారి దగ్గర కూర్చోవద్దు. సూది కొత్త ప్యాకెట్టులోంచి మీ కళ్ళ ముందే తీయాలి, వాడాక పారేయాలి. ఒకరికి వాడినది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్-బి లాంటి జబ్బులు అంటుకుంటాయి. హిజామా చేయించుకునేవారికీ బ్లేడు విషయంలో ఇదే మాట. రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు, మధుమేహం ఉన్నవారు ముందే ఆ సంగతి చెప్పాలి. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉంది. ఎన్నిసార్లు రావాలో, ఎంత ఖర్చవుతుందో మొదటే అడగండి. ఆరు నుంచి ఎనిమిదిసార్లకు ఏమీ తేడా లేకపోతే ఆపేసి మళ్ళీ వైద్యుణ్ణి కలవండి. అన్నిటికన్నా ముఖ్యం, బీపీ, షుగరు, గుండె, టీబీ మందులు ఆపేయమని ఎవరన్నా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) చెప్పారని మనకు తెలుసు. వైద్యం తెలియకుండా వైద్యం చేసేవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని కూడా ఆయన చెప్పారని అంత ఎక్కువమందికి తెలియదు. సున్నన్ అబూ దావూద్‌లో ఆ రెండూ ఉన్నాయి. తవక్కుల్ అంటే అల్లాహ్ మీద భరోసా ఉంచడం. ఒంటెను కట్టేసి భరోసా ఉంచాలన్నది మనకు నేర్పిన పద్ధతి. కడుపు విషయంలో ఒంటెను కట్టడమంటే పరీక్ష చేయించుకోవడమే.

చివరిగా ఒక మనవి. వచ్చే శిబిరం నుంచి పేర్లు రాసుకునే పుస్తకంలో "గ్యాసు" అని ఒక్క మాట రాసి వదిలేయవద్దని నేను అనుకుంటున్నాను. ఎప్పటినుంచి ఉంది, బరువు తగ్గారా, విరేచనం ఏ రంగులో ఉంది, నొప్పి బిళ్ళలు వేసుకుంటున్నారా అనే నాలుగు ప్రశ్నలు అడిగి రాద్దాం. ఇందుకు డిగ్రీలు అక్కర్లేదు, మన సొసైటీ యువకులు ఎవరైనా చేయగలరు. అనుమానం ఉన్నవారిని నక్కపల్లి ప్రభుత్వాసుపత్రికో, అవసరమైతే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికో తోడు వెళ్ళి చూపిద్దాం. మా చాచాను ఆ రోజు ఎవరైనా ఆ నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే మూడు నెలల బాధ, ఆ రక్తం, ఆ రాత్రి ప్రయాణం తప్పేవి.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, తెలుసుకుని నడుచుకునే వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.